కుక్క కంటిరెప్ప మీద గడ్డ: ఎన్నాళ్లు చూడొచ్చు, ఎప్పుడు కోయించాలి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. తొమ్మిదేళ్ల లాబ్రడార్. కుడి కంటి పైరెప్ప అంచున ఆరు నెలల కిందట ఆవగింజంత పొక్కు కనిపించింది. ఇప్పుడది కందిగింజంత అయింది. కంట్లోంచి నీరు కారుతోంది, గీరుకున్నప్పుడు రక్తం వస్తోంది. ఒక డాక్టర్ గారు కోయించమన్నారు, ఇంకొకరు కదిలించొద్దన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు దారం కట్టమనో సున్నం పెట్టమనో అంటున్నారు. ఇది క్యాన్సరా, కంట్లోకి పాకుతుందా, ఈ వయసులో మత్తు తట్టుకుంటుందా?

ముందు సున్నం, దారం సంగతి తేల్చేద్దాం. సున్నం క్షారం. పులిపిరి మీద పెట్టింది అక్కడే కూర్చోదు. కుక్క ఒక్కసారి రెప్ప కొడితే కంటిగుడ్డు మీదికి చేరుతుంది, చేరిన దగ్గర్నుంచి పొర తర్వాత పొర కరిగిస్తూ లోపలికి దిగుతుంది. పులిపిరి పోయేలోపు కన్ను పోతుంది. ఇప్పటికే ఎవరైనా పెట్టేసి ఉంటే సెలైన్‌తోగానీ శుభ్రమైన నీళ్లతోగానీ 20-30 నిమిషాలు ఆపకుండా కడిగి, తడి కంటితోనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. దారం కడితే పైకి కనిపించే ముక్క రాలిపోతుంది, అది నిజమే. కానీ ఈ గడ్డ మొదలు రెప్ప లోపల ఉంటుంది. కొన్నాళ్లకు అదే చోట, ఈసారి ఇంకాస్త వెడల్పుగా మళ్లీ లేస్తుంది.

మీరు చెప్పిన వయసు, చోటు, పెరిగిన తీరు చూస్తే ఇది మైబోమియన్ గ్రంథి అడెనోమా అయ్యే అవకాశం చాలా ఎక్కువ. రెప్ప అంచు వెంబడి వరసగా ముప్పై, నలభై దాకా చిన్న నూనె గ్రంథులుంటాయి. కన్నీటి మీద పల్చటి నూనె పొర పరిచి అది ఆరిపోకుండా చూడటం వాటి పని. వయసు మళ్లిన కుక్కల్లో ఆ గ్రంథుల్లో ఒకటి అదుపు తప్పి పెరిగితే వచ్చేదే ఈ గడ్డ. కుక్కల రెప్పల మీద వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం ఇలాంటి నిరపాయకరమైనవే. పిల్లుల్లో ఇది తలకిందులు, అక్కడ రెప్ప మీద గడ్డంటే ముందు క్యాన్సర్‌నే అనుమానించాలి. కాబట్టి పిల్లుల గురించి చదివింది కుక్కకు అన్వయించుకుని భయపడకండి.

అయితే 'క్యాన్సర్ కాదట' అనగానే హమ్మయ్య అని వదిలేయడమే ఇక్కడ జరిగే అసలు పొరపాటు. ఈ గడ్డ ఊపిరితిత్తులకు పాకదు. కానీ రెప్ప రోజుకు వేలసార్లు కంటిగుడ్డు మీద జారుతుంది, జారిన ప్రతిసారీ ఈ గరుకు ముక్క కార్నియాను, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొరను, రాపాడుతుంది. మొదట నీరు కారుతుంది, తర్వాత పుసులు కడతాయి, ఆ తర్వాత కార్నియా అంచునుంచి సన్నటి ఎర్రటి రక్తనాళాలు లోపలికి పాకుతాయి, చివరికి పుండు పడుతుంది. కోయాలా వద్దా అన్నది గడ్డ పేరును బట్టి మాత్రమే తేలదు. అది కార్నియాను తాకుతోందా, రెప్ప అంచులో ఎన్ని మిల్లీమీటర్లు మింగింది అన్నవి అంతకన్నా ముఖ్యం.

ఇంట్లోనే ఒకసారి చూడండి. కుక్కను కిటికీ వెలుగులో కూర్చోబెట్టి, ఇంకొకరు తల పట్టుకుంటే, మీరు బొటనవేలితో పైరెప్పను కనుబొమ వైపు నెమ్మదిగా లాగి అంచును కాస్త బయటికి తిప్పండి. బయట కందిగింజంత కనిపించే గడ్డకు లోపలివైపు, గులాబిరంగు పొర కింద, పసుపు కలిసిన తెల్లటి ఉబ్బు తరచూ ఉంటుంది. బయటిదానికంటే అదే పెద్దదైనా ఆశ్చర్యపోనక్కర్లేదు. పైన కనిపించేది చెరకు మొవ్వ లాంటిది, గడ రెప్పలో ఉంది. మిల్లీమీటర్ల గీతలున్న స్కేలును చెంపకు ఆనించి ఫోన్‌తో ఫొటో తీయండి. నెలకోసారి అదే చోట, అదే వెలుగులో తీస్తే పెరుగుతోందా లేదా అన్నది వాదన లేకుండా తేలుతుంది.

ఇక లెక్క. రెప్ప అంచు పొడవు సుమారు 3 సెం.మీ. అనుకుందాం. అందులో మూడో వంతు దాకా, అంటే దాదాపు 1 సెం.మీ. తీసేసినా మిగిలిన రెండు కొనలను నేరుగా కలిపి కుట్టేయొచ్చు. గడ్డకు రెండు పక్కలా 1-2 మి.మీ. మంచి కండ కూడా కలిపి తీయాలి గనుక, గడ్డ 6-7 మి.మీ. లోపు ఉన్నంతకాలం ఇది చిన్న ఆపరేషనే. అది దాటితే పక్కనుంచి చర్మం జరిపి కొత్త అంచు తయారుచేయాలి. మత్తు సమయం పెరుగుతుంది, కుట్లు పెరుగుతాయి. తెచ్చి అతికించిన చర్మం మీది వెంట్రుకలు కంట్లో గుచ్చుకునే తంటా కూడా వస్తుంది. కందిగింజంత అంటే 4-5 మి.మీ. మీరు హద్దుకు దగ్గరపడుతున్నారు. నీరు, రక్తం కూడా మొదలయ్యాయి కాబట్టి కోయించమన్న డాక్టర్ గారి మాటే నా మాట. కదిలించొద్దన్నవారి సలహా ఆవగింజంత ఉన్నప్పుడు, కన్ను తెల్లగా పొడిగా ఉన్నప్పుడు సరైనదే.

కోసే తీరు గురించి కొంచెం తెలుసుకుంటే ఆస్పత్రిలో ఏం అడగాలో తెలుస్తుంది. గడ్డను చుట్టి త్రికోణంగానో, ఇంటి బొమ్మలా అయిదు భుజాలుగానో రెప్ప మొత్తం మందాన కోస్తారు. కోత ఎత్తు, వెడల్పుకు రెట్టింపు ఉంటే అంచు చక్కగా మూసుకుంటుంది. లోపలి పొరకు 5-0 లేదా 6-0 కరిగే దారం (సున్నాకు ముందున్న అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది) వేసి, ముడి కంటివైపు రాకుండా పొర మధ్యలో దాస్తారు. తర్వాత చర్మం. అన్నిటికంటే ముఖ్యమైనది రెప్ప అంచున వేసే మొదటి కుట్టు. ఎనిమిది అంకె ఆకారంలో వేసే ఆ కుట్టు రెండు కొనలనూ సరిసమానంగా తెస్తుంది. అక్కడ ఒక్క మిల్లీమీటరు మెట్టు మిగిలినా రెప్ప వాలిన ప్రతిసారీ ఆ మెట్టు కార్నియాను గీరుతుంది, గడ్డ పోయినా బాధ పోదు. అందుకే మామూలు 2-0 దారంతో, భూతద్దం లేకుండా కుట్టే చోట ఈ పని చేయించకపోవడం మంచిది. 'ఏ సైజు దారం వాడతారు?' అని అడగడంలో తప్పేం లేదు.

పూర్తి మత్తుకు భయపడేవాళ్లకు ఇంకో దారి ఉంది. కొద్దిపాటి మత్తు సూది, రెప్పను మొద్దుబార్చే లిగ్నోకెయిన్ ఇచ్చి, గడ్డను అంచువరకు చెక్కేసి, అడుగు భాగాన్ని ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం. ఒకసారి గడ్డకట్టించి, దానంతట అది కరిగాక, మళ్లీ గడ్డకట్టించాలి. రెండుసార్లు చేయకపోతే లోపలి కణాలు బతికిపోతాయి. మూడు నాలుగు రోజులు రెప్ప బాగా వాస్తుంది, అక్కడ రంగు పోయి గులాబిరంగు మచ్చ పడుతుంది. నెలల్లో మళ్లీ నల్లబడొచ్చు, బడకపోవచ్చు. గుండె జబ్బున్న ముసలి కుక్కకు ఇది మంచి మార్గం. మళ్లీ వచ్చే గుణం మాత్రం కోత కంటే దీనిలో త్వరగా బయటపడుతుంది. పైపైన చెక్కి ఊరుకుంటే, అడుగు గడ్డకట్టించకపోతే, తిరిగి రావడం దాదాపు ఖాయం.

తొమ్మిదేళ్ల లాబ్రడార్‌కు వయసొక్కటే మత్తుకు అడ్డంకి కాదు. రక్తకణాల లెక్క, క్రియాటినిన్ (కిడ్నీకి), ఏఎల్‌టీ (కాలేయానికి) చూపించండి, స్టెతస్కోపులో గుండె చప్పుడు తేడాగా ఉంటే ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించండి. మన దగ్గర తప్పకుండా చూడాల్సింది ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టించే కణాలు. పిడుదుల జ్వరం, అంటే ఎర్లీకియా, తెలుగు రాష్ట్రాల్లో చాలా కుక్కల్లో బయటికి తెలియకుండా నడుస్తూ ఉంటుంది. ప్లేట్‌లెట్లు మామూలుగా 2 లక్షల పైన ఉండాలి. లక్ష కంటే తక్కువుంటే ఆపరేషన్ ఆపి, ముందు దాని సంగతి చూడాలి. నిర్ధారణ అయితే డాక్సీసైక్లిన్ రోజుకు కిలోకు 10 మి.గ్రా. చొప్పున 28 రోజులు వాడతారు. రెప్పలో రక్తనాళాలు ఎక్కువ. ప్లేట్‌లెట్లు లేని కుక్కలో చిన్న కోత కూడా ఆగకుండా కారుతుంది. ఆపరేషన్‌కు ముందు 8 గంటలు తిండి ఆపండి, నీళ్లు 2 గంటల ముందువరకు తాగనివ్వొచ్చు.

కోసిన ముక్కను చెత్తబుట్టలో వేయనివ్వకండి. వెడల్పు మూతి సీసాలో, ముక్కకు పదింతలు 10 శాతం ఫార్మలిన్ పోసి హిస్టోపాథాలజీకి, అంటే సూక్ష్మదర్శినితో చూసే కణజాల పరీక్షకు, పంపమనండి. ఇంజెక్షన్ సీసాలో కుక్కితే గట్టిపడ్డాక బయటికి రాదు. స్పిరిట్‌లోనో సెలైన్‌లోనో పంపితే చదవడానికి పనికిరాదు. సీసా మీద ఏ కన్ను, ఏ రెప్ప అన్నది రాయించండి. చూడగానే అడెనోమా అనిపించినవాటిలో అప్పుడప్పుడు మెలనోమాయో (రంగు కణాల గడ్డ) మాస్ట్ సెల్ గడ్డో (అలర్జీ కణాల గడ్డ) బయటపడుతుంది. అంచుల్లో కణాలు మిగిలాయా అన్నది కూడా ఆ రిపోర్టులోనే తెలుస్తుంది.

ఇంటికి తెచ్చాక 10-14 రోజులు, అంటే కుట్లు విప్పేవరకు, మెడకు కోన్ తీయకూడదు. కోన్ అంచు ముక్కు దాటి నాలుగు వేళ్లు ముందుకు ఉండాలి, లేకపోతే కుక్క దాని అంచుతోనే కన్ను రుద్దుకుంటుంది. కుట్లు ఊడేది ఎక్కువగా మొదటి వారంలోనే. 'పాపం, అన్నం తినడానికి తీశాం' అన్న ఆ పది నిమిషాల్లోనే ఊడతాయి. నొప్పికి మెలాక్సికామ్ మొదటి రోజు కిలోకు 0.2 మి.గ్రా., తర్వాత రోజుకొకసారి కిలోకు 0.1 మి.గ్రా., తిండితోపాటు, అదీ కిడ్నీ పరీక్ష బాగుంటేనే. ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ మాత్ర అరముక్క కూడా వద్దు, పేగులో పుండు పడి రక్త విరేచనాలవుతాయి. కుట్లున్న కన్ను నిన్నటిదాకా బాగుండి ఈరోజు హఠాత్తుగా మూసుకుపోతే, కుట్టు కొన లోపలికి తిరిగి గుచ్చుకుంటోందని అర్థం. మర్నాటికి వాయిదా వేయకండి.

ఆపరేషన్ తేదీ వచ్చేలోపు కన్నీటిలా తడిపే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు రోజుకు నాలుగైదుసార్లు వేస్తే రాపిడి తగ్గుతుంది. మెడికల్ షాపులో 'కంటి చుక్కలు' అంటే ఇచ్చే యాంటీబయోటిక్ సీసాల్లో స్టెరాయిడ్ కలిసినవి చాలా ఉంటాయి. లేబుల్ మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసలోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా పక్కన పెట్టండి. గడ్డ రాపిడికి కార్నియాలో పుండు ఉండి ఉంటే స్టెరాయిడ్ దాన్ని మాననివ్వదు, కొన్ని రోజుల్లో గుడ్డు చిల్లు పడొచ్చు. ఫ్లోరసీన్ కాగితం ముక్క తడిపి అంటిస్తే పుండు ఉన్నచోట పచ్చగా మెరుస్తుంది. రెండు నిమిషాల పరీక్ష. అది చేయకుండా కంటి చుక్కలు రాసిస్తే, చేయమని అడగండి.

ఇంతవరకు మీ కుక్క సంగతి. ఇదే సందేహంతో వచ్చే మిగతావాళ్లకు, రెప్ప మీది ప్రతి ఉబ్బూ అడెనోమా కాదు. ఒక్కోసారి గడ్డే కాదు! రక్తం తాగి ఉబ్బిన పిడుదు రెప్ప అంచున అచ్చం బూడిదరంగు గడ్డలా ఉంటుంది. ఆముదపు గింజకూ దానికీ ఎంత పోలికంటే లాటిన్‌లో రెండింటికీ రిసినస్ అన్న ఒకే పేరు పెట్టారు. టార్చి వేసి మొదలు దగ్గర చూస్తే కదిలే కాళ్లు కనిపిస్తాయి. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిలువుగా లాగాలి. కిరోసిన్, అగ్గిపుల్ల కంటి దగ్గర ఊహకు కూడా రావొద్దు.

ఒకటి రెండు రోజుల్లో లేచి, ఎర్రగా, ముట్టుకుంటే అరిచేంత నొప్పిగా ఉంటే అది కంటికురుపు. రోజుకు మూడు నాలుగుసార్లు అయిదేసి నిమిషాలు గోరువెచ్చని గుడ్డతో కాపడం పెడుతూ యాంటీబయోటిక్ వాడతారు. నొప్పి లేకుండా గట్టిగా, రెప్ప తిప్పితే పసుపు తెలుపుగా కనిపిస్తే గ్రంథి మూసుకుపోయిన కలేజియన్ కావచ్చు. దాన్ని లోపలివైపునుంచి చీల్చి గోకేస్తారు. ముసలి కుక్కల్లో కలేజియన్ కింద అడెనోమా దాక్కుని ఉండటం మామూలే, కాబట్టి గోకింది కూడా సీసాలోకే వెళ్లాలి.

మూడేళ్ల లోపు కుక్కలో రెండు మూడు వారాల్లో గులాబిరంగు బొత్తాంలా లేచి, పైన వెంట్రుకలు రాలితే హిస్టియోసైటోమా అనుకోవాలి. చూడ్డానికి భయంకరం, కానీ సాధారణంగా మూడు నెలల్లో దానంతటదే కరిగిపోతుంది. సూదితో కణాలు తీసి నిర్ధారించుకుని ఆగొచ్చు. ఆగుతూ స్టెరాయిడ్ వాడితే కరిగించే రోగనిరోధక కణాలనే అణిచేసినట్టవుతుంది. నోట్లో కూడా కాలీఫ్లవర్ లాంటి పులిపిర్లుంటే వైరస్ వల్ల వచ్చినవి, అవీ చాలావరకు వాటంతటవే పోతాయి. ఒకరోజు పెద్దదై, మరో రోజు చిన్నదై, నలిపితే చుట్టూ వాచే గడ్డ మాత్రం మాస్ట్ సెల్ గడ్డ కావచ్చు. దాన్ని పిసకొద్దు, పిసికితే వాపు తెచ్చే హిస్టమిన్ విడుదలవుతుంది. దాన్ని చిన్న అంచుతో కోస్తే సరిపోదు గనుక సూది పరీక్ష ముందే జరగాలి.

వీధికుక్కల్లో, వీధికుక్కలతో తిరిగే పెంపుడు కుక్కల్లో ఇంకోటి చూడాలి: టీవీటీ, అంటే సంపర్కం వల్ల ఒక కుక్కనుంచి ఇంకో కుక్కకు అంటుకునే గడ్డ. మామూలుగా జననాంగాల దగ్గర వస్తుంది, వాసన చూడటం, నాకడం వల్ల ముక్కుకూ కంటికీ కూడా అంటుకుంటుంది. ఎర్రగా, పిండినట్టు పొడిపొడిగా, తాకితే రక్తం కారేలా రెప్ప లోపలి పొర మీదో, ముక్కువైపు కంటిమూలలో ఉండే మూడో రెప్ప మీదో పెరుగుతుంది. విచిత్రమేమిటంటే ఆ గడ్డ కణాలు ఆ కుక్కవి కావు. వేల ఏళ్ల కిందట ఏదో ఒక కుక్కలో పుట్టి, ఒంటినుంచి ఒంటికి నాటుకుంటూ బతుకుతున్న కణాలవి. సూది పరీక్షలో గుండ్రటి కణాల్లో తేట బుడగలు వరసగా కనిపిస్తాయి. దీనికి కత్తి అక్కర్లేదు. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందును ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు 0.5-0.7 మి.గ్రా. చొప్పున వారానికొకసారి నరంలోకి, సాధారణంగా 4-6 వారాలు ఇస్తే కరిగిపోతుంది. ప్రతి డోసుకు ముందు తెల్లకణాలు చూడాలి. మందు నరం పక్కకు జారితే అక్కడి కండ కుళ్లుతుంది గనుక నరంలో పెట్టే గొట్టం (కాన్యులా) సరిగ్గా పడిందని తేలాకే ఎక్కించాలి. ఇది తెలియక కన్నే తీసేయించిన సందర్భాలుంటాయి, అందుకే ఇంత చెప్పడం.

మూడో రెప్ప దగ్గర వయసే సగం రోగనిర్ధారణ. ఏడాదిలోపు బీగిల్, కాకర్ స్పానియల్, షీట్‌జూ, బుల్‌డాగ్‌కు ముక్కువైపు కంటిమూలలో ఎర్రటి చెర్రీ పండులా ఉబ్బితే అది గడ్డ కాదు, జారి బయటికొచ్చిన కన్నీటి గ్రంథి. కన్నీటిలో మూడో వంతు, కొన్నిసార్లు సగం దాకా, అక్కడినుంచే వస్తుంది. కోసి పారేస్తే ఏళ్ల తర్వాత పొడికన్ను వచ్చి జీవితాంతం చుక్కలు వేయాల్సివస్తుంది, కాబట్టి లోపలికి నెట్టి సంచిలా కుట్టించాలి. అదే చోట పదేళ్ల కుక్కలో గట్టిగా ఉబ్బితే మాత్రం గ్రంథి క్యాన్సర్ అనుకుని మొదలుపెట్టాలి. అక్కడ మూడో రెప్ప మొత్తం తీయడమే సరైన చికిత్స.

గుడ్డు లోపలి గడ్డల్లో కుక్కల్లో ఎక్కువగా వచ్చేది మెలనోమా రకమే. మనుషుల్లో అది కంటి వెనకభాగంలో పుడుతుంది, కుక్కల్లో ముందుభాగంలో, కంటిపాప చుట్టూ ఉన్న రంగు పొరలో. చాలావరకు శరీరమంతా పాకేవి కావు, నూటికి నాలుగైదు మాత్రమే పాకుతాయి. కానీ కంట్లో నీరు బయటికి పోయే దారి మూసి గ్లాకోమా, అంటే కంటి లోపలి ఒత్తిడి పెరిగే జబ్బు, తెస్తాయి. కంటిపాప గుండ్రం పోయి కోలగా మారడం, రంగు పొరలో ఒకచోట దిమ్మెలా లేవడం, గుడ్డు మబ్బుగా నీలంగా మారడం గుర్తులు. చదునైన గోధుమ చుక్క పుట్టుమచ్చ కావచ్చు, ఫొటో తీసి గమనిస్తే చాలు. గుండ్రంగా తేలుతూ, టార్చి వేస్తే వెలుగు అటువైపుకు దూరి వెళ్లేది నీటితిత్తి. వెలుగు ఆగిపోతే గడ్డ. కంటి ఒత్తిడి మామూలుగా 10-25 మి.మీ. పాదరసం మధ్య ఉంటుంది. 30 దాటి, నొప్పితో, చూపు పోయాక ఆ గుడ్డును తీయించడమే దయ. తీసిన గుడ్డు మొత్తం పరీక్షకు పంపాలి, ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. ఒంటి కన్నుతో కుక్క రెండు మూడు వారాల్లో ఇల్లంతా మామూలుగా తిరుగుతుంది.

రెండు కళ్లూ ఒకేసారి ఎర్రబడి, లోపల రక్తమో చీమో తేలితే రెప్పను వదిలేసి దవడ కింద, మోకాలి వెనక గ్రంథులు తడమండి. ఉసిరికాయల్లా తగిలితే లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, కావచ్చు. అచ్చం ఇదే రూపంలో పిడుదుల జ్వరం కూడా వస్తుంది గనుక ఆ రక్తపరీక్ష ముందు. గుడ్డు ముందుకు పొడుచుకొస్తుంటే వెనక ఏదో ఉంది. నాలుగైదు రోజుల్లో వచ్చి, జ్వరంతో, నోరు తెరిస్తే ఏడ్చేంత నొప్పి ఉంటే చీముగడ్డ. నొప్పి లేకుండా నెలల తరబడి మెల్లగా తోసుకొస్తే గడ్డ, ఈ చోట వచ్చేవాటిలో ఎక్కువ చెడ్డవే, సీటీ తీయకుండా ఏ నిర్ణయమూ తీసుకోలేరు.

ఎక్కడికి వెళ్లాలంటే, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆస్పత్రుల్లో సర్జరీ విభాగాలున్నాయి. కంటి లోపలి కేసు అయితే, దగ్గర్లో ఉన్నవాళ్లు చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ కూడా చూడొచ్చు. వెళ్లేటప్పుడు నెలనెలా తీసిన ఫొటోలు, ఇప్పటిదాకా వేసిన చుక్కల ఖాళీ సీసాలు పట్టుకెళ్లండి. ఆ రోజు ఉదయం కంట్లో ఏ చుక్కలూ వేయకండి. కన్నీరు కొలిచే కాగితం పరీక్ష, నిమిషానికి 15 మి.మీ. తడవాలి, చుక్కలు వేసిన కంట్లో తప్పు చూపిస్తుంది.